లాక్‌డౌన్‌లో రాని జలుబులు స్కూళ్లు తెరిచాక ఎందుకు వరస కట్టాయి?

"కరోనా రెండేళ్లూ పాపకు జలుబే లేదు, స్కూలు తెరిచాక నెలకోసారి దగ్గు. ఇమ్యూనిటీ పోయిందా?" అని మీలో ఒకరు అడిగారు. పోలేదండీ, టెన్షన్ పడకండి.

ఫ్లూ వచ్చిన ఒకరి నుంచి సగటున 1.3 మందికి అంటుకుంటుంది. తొలినాటి కరోనా అయితే ఇద్దరు ముగ్గురికి. అందుకే కరోనా జోరు తగ్గించడానికి పెట్టుకున్న మాస్కులు, మూసేసిన బడులు ఫ్లూను మాత్రం దాదాపు ఊడ్చేశాయి. ఫ్లూ బి రకంలోని యమగాటా శాఖ 2020 మార్చి తర్వాత సహజంగా వ్యాపించినట్టు ఎక్కడా నిర్ధారణ కాలేదు. నాకైతే ఇది ఇప్పటికీ ఆశ్చర్యమే.

మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ మాత్రం పూర్తిగా పోలేదు. శానిటైజర్ కరిగించే కొవ్వు పొర దానికి ఉండదు, అందుకే తేలిగ్గా లొంగదు.

ఇక మీ పాప సంగతి. చిన్నపిల్లలకు ఏటా ఆరేడు జలుబులు మామూలే. ఆ రెండేళ్లలో రావాల్సినవి రాలేదు, వాటిని గుర్తుపట్టే అలవాటు ఒంటికి కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున్నే స్కూలు ఆటో చూడండి, ఎనిమిది మంది ఒకరి ఒళ్లో ఒకరు, ఒకరి వాటర్ బాటిల్ ఇంకొకరి నోట్లో! పాత బాకీ ఒక్కసారిగా తీరినట్టయింది. ఆస్ట్రేలియాలోనూ అంతే, చలికాలంలో రావాల్సిన ఆర్ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఓ వైరస్) 2020 చివర్లో, అక్కడి ఎండల్లో విరుచుకుపడింది.

మన హైదరాబాద్‌లో వానలతో ఫ్లూ పెరుగుతుంది కాబట్టి మే, జూన్‌లోనే టీకా గురించి పిల్లల డాక్టర్ని అడగండి. ఊపిరి వేగంగా తీస్తున్నా, పక్కటెముకలు లోపలికి లాగుతున్నా ఇంటి వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.