మందుకు లొంగని గడ్డ... ఆ జన్యువులు నాకూ వస్తాయా?

ప్రశ్న: మా అమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రేడియేషన్‌తో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ ఎక్కించారు. గడ్డ కరిగింది. కానీ ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చింది. జన్యువుల్లో మార్పుల వల్ల ఇక ఆ మందు పనిచేయదంటున్నారు. నాకు 31 ఏళ్లు. అమ్మ జన్యువులే కదా నాకూ వచ్చింది! టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఓ పాఠకురాలు

జవాబు: మీ డాక్టరు చెప్పినవి గడ్డలోని కణాల జన్యువులమ్మా, అమ్మగారు మీకిచ్చినవి కావు. క్యాన్సర్ కణాలు పెరిగేకొద్దీ వాటి డీఎన్‌ఏలో కొత్త మార్పులు వచ్చి చేరుతుంటాయి. అవి పిల్లలకు రావు. ‘జన్యువులు’ అని చెప్పి వదిలేయకుండా మా డాక్టర్లు ఈ ఒక్క ముక్క కూడా చెబితే ఎంతోమంది హాయిగా నిద్రపోతారు.

ఇక గడ్డ కరిగి మళ్లీ ఎందుకొచ్చింది? సిస్‌ప్లాటిన్ ప్లాటినం ఉన్న మందు. కణంలోకి దూరి డీఎన్‌ఏకు ముడులు వేస్తుంది. ముడి విప్పుకోలేని కణం చస్తుంది. విప్పుకోగలిగినవి కొన్ని ఉంటాయి. డీఎన్‌ఏను బాగుచేసే జన్యువుల్లో ఈఆర్‌సీసీ1 ఒకటి. అది చురుగ్గా ఉన్న కణం, మందు పాడుచేసిన ముక్కను కత్తిరించేసి సరిచేసుకుంటుంది. మరికొన్ని కణాలైతే మందును లోపల నిలవనివ్వవు. రాగిని బయటికి పంపే ఏటీపీ7ఏ, ఏటీపీ7బీ ప్రోటీన్లే దాన్నీ గెంటేస్తాయి. పైగా ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ వైరస్. దాని ఈ6 ప్రోటీన్, దెబ్బతిన్న కణాన్ని చావమని ఆదేశించే పీ53 అనే ప్రోటీన్‌ను ముందే నాశనం చేస్తుంది. అలా లొంగినవి పోయి, లొంగనివి మిగిలి పెరిగాయి. అమ్మగారు మందు సరిగా వాడకపోవడం వల్ల కాదు, తిండి వల్లా కాదు.

ఇవన్నీ చదివి ఈఆర్‌సీసీ1 పరీక్ష చేయించమని పట్టుబట్టకండి. దాన్నిబట్టి మందు మార్చే పద్ధతి రోజువారీ వైద్యంలో లేదు. అడగాల్సింది పీడీ-ఎల్1 పరీక్ష గురించి. గడ్డలో ఆ ప్రోటీన్ ఉంటే, కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చే వీలుంటుంది. అది డీఎన్‌ఏ జోలికి వెళ్లదు, మన రోగనిరోధక కణాలను గడ్డ మీదికి ఉసిగొల్పుతుంది. గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందు కూడా కలపవచ్చేమో అడగండి. కిడ్నీలు, మూత్రాశయం, పేగుల పరిస్థితి చూసి వాళ్లు చెబుతారు.

మీ సంగతికొస్తే, చూసుకోవాల్సింది మీలో హెచ్‌పీవీ ఉందా లేదా అన్నదే. మీ వయసులో ఎలాగూ చేయించుకోవాల్సిన పరీక్షే అది. ఎప్పుడూ చేయించుకోకపోతే ఈ నెలలోనే వెళ్లండి.