డాక్టర్ సలహా: లాక్స్ కొబ్బరి పీచులాగ అయినయి, ఎంత నూనె పెట్టినా లాభం లేదు

ప్రశ్న: మాది బల్లార్‌పూర్, నాకు 24 ఏళ్లు, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతా. పది నెలల కింద నాగ్‌పూర్‌లో లాక్స్ (డ్రెడ్‌లాక్స్, జుట్టుని పాయలు పాయలుగా జడలు కట్టించుడు) చేయించుకున్నా. ఎండలు మొదలైన కాడి నుంచి కొసలు గడ్డిలాగ అయినయి, నెత్తి దురద, పొట్టు రాలుతోంది. రోజూ కొబ్బరినూనె పెడుతున్నా. నాయనమ్మేమో అవి ఎల్లమ్మ జడలు, నీళ్లు తగలనియ్యకు అంటోంది. తీయించెయ్యాల్నా?

జవాబు: తీయించే పని లేదు గానీ ఆ రోజువారీ నూనె మాత్రం ఆపండి. మీకున్నవి రెండు వేరే వేరే బాధలు, కొసలు ఎండిపోవడం ఒకటి, పొట్టు ఇంకోటి, రెండిటికీ ఒకటే సీసా వాడుతున్నారు.

మామూలు జుట్టు దువ్వినప్పుడు మాడు మీది జిడ్డు కొసల దాకా పాకుతుంది, లాక్స్‌ని దువ్వం కాబట్టి అది కుదుళ్ల దగ్గరే ఆగిపోతుంది. పైగా మనోళ్ల జుట్టు చాలావరకు సాఫుగా ఉంటుంది, దానంతటది ముడిపడదు, అందుకే పార్లర్‌లో ఉల్టా దువ్వి క్రోషా సూదితో గుచ్చి గుచ్చి కడతారు, ఆ గుచ్చుడుకి వెంట్రుక పైపొర లేస్తుంది, ఇక లోపల తేమ నిలవదు. దానికి తోడు చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ 45 దాటుతుంది, బోరు నీళ్లలో సున్నం, మీ డ్యూటీలో బొగ్గు దుమ్ము.

నూనె తేమ కాదండీ, తేమ అంటే నీళ్లే. నూనె దాన్ని పోకుండా ఆపే మూత లాంటిది, అంతే. ఒక లాక్‌ని గోరువెచ్చని నీళ్ల మగ్గులో అయిదు నిమిషాలు నానబెట్టి పిండి చూడండి, నల్లటి నీళ్లు, పైన జిడ్డు తెట్టు కనిపిస్తే అది మీరు ఇన్నాళ్లు పెట్టిన నూనె, దాన్ని పట్టుకున్న దుమ్ము.

వారానికోసారి తలస్నానం చెయ్యండి. షాంపూని మగ్గు నీళ్లలో కలిపి మాడు మీద పొయ్యండి, లాక్స్‌ని రుద్దకుండా పిసకండి, నురగ పోయేదాకా కడగండి, ఆఖరి రెండు మగ్గులు ఫిల్టర్ నీళ్లయితే మంచిది. శీకాయ పొడి వద్దు, నలకలు లోపల ఇరుక్కుంటే రావు, బేకింగ్ సోడా అసలు వద్దు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి పోయి కడిగేటప్పుడు జరిగే నష్టం తగ్గిస్తుంది, అందుకని స్నానానికి గంట ముందు కొసలకు కొద్దిగా పెట్టొచ్చు.

తర్వాత టవల్‌తో ఒత్తి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. పైన ఆరినట్టే ఉంటుంది, మధ్యలో పట్టుకుంటే చల్లగా తగులుతుంది, అలా ఉండగా ముడేసి హెల్మెట్ పెడితే లోపల ముక్కిపోయిన వాసనొస్తుంది, కాబట్టి సెలవు రోజు పొద్దున్నే చేసుకోండి. రెండు మూడు రోజులకోసారి గ్లాసు నీళ్లలో చెంచా గ్లిజరిన్ కలిపి లాక్స్ మీద స్ప్రే చేసి, అరచేతిలో నాలుగు చుక్కల నూనె రుద్దుకుని పైపైన రాయండి. వ్యాజిలిన్, మైనం జోలికి పోవద్దు.

ఇక పొట్టు పసుప్పచ్చగా, జిడ్డుగా ఉండి దురద పెడితే చుండ్రే, దాన్ని పెంచే ఫంగస్‌కి నూనే మేత. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, పాయల మధ్య మాడుకి మాత్రమే, అయిదు నిమిషాలు ఉంచి కడగండి, నాలుగు వారాలు చూడండి. గుండ్రటి మచ్చల్లాగ జుట్టు ఊడినా, చీము, నొప్పి ఉన్నా స్కిన్ డాక్టర్‌కి చూపించండి. కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన జుట్టుని మళ్లీ మెలిపెట్టే రీట్విస్ట్ మరీ బిగించి చేయించుకోకండి, కణతల దగ్గర అలాగే లాగుతూ ఉంటే పోయిన జుట్టు మళ్లీ రాదు.

నాయనమ్మ గారి మాట కొట్టిపారెయ్యను, దేవుడి జడలని ఏళ్లకేళ్లు కడగకుండా ఉంచుకుని మాడు పుళ్లైన ఆడవాళ్లు మహారాష్ట్రలో ఎంతోమంది ఉన్నారు, మూఢనమ్మకాల మీద పనిచేసే అంధశ్రద్ధా నిర్మూలన సమితి వాళ్లు నచ్చజెప్పి కత్తిరిస్తుంటారు. మీవి పార్లర్‌లో కట్టించుకున్నవని చెప్పి, ఈ ఆదివారం ఆమె చేతనే నీళ్లు పోయించుకోండి.