ఆరేడేళ్ళు రావాలంటే ఏ ప్రాసెసర్ కొనాలి?

ప్రశ్న: అన్నా, నాది అనంతపురం, బీటెక్ మూడో సంవత్సరం. కొత్తగా పీసీ అసెంబుల్ చేయించుకుందామనుకుంటాండా. వాలరెంట్, జీటీఏ ఆడతా. ఇంకా మా మామకు ఫొటో స్టూడియో ఉంది, పెళ్ళిళ్ళవి రీల్స్, చిన్న హైలైట్ వీడియోలు నేనే కట్ చేసిస్తా, కొన్ని ఫోన్లో తీసినవి, కొన్ని మామ కెమెరాలో తీసినవి, అంతకుమించి పెద్ద ఎడిటింగ్ ఏం లేదు. నాయన 80 వేలు ఇస్తానన్నాడు, మానిటర్ ఇంట్లోనే ఉంది, కానీ ఆరేడేళ్ళ దాకా మళ్ళా అడగొద్దని కండిషన్. ఒక ఫ్రెండేమో సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ ఐ9-13900కె ప్రాసెసర్ వస్తాంది తీసుకో, పదేళ్ళు కదలదు అంటాడు. ఇంకొకడు ఏఎండీ కంపెనీ రైజెన్ అంటాడు. ఏది తీసుకునేది?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సెకండ్‌హ్యాండ్ ఐ9 సంగతి చూద్దాం. వద్దు. ప్రాసెసర్ మంచిది కాదని కాదు, కొత్తదైతే అది భలే స్పీడు. కానీ ఇంటెల్ 13, 14 జనరేషన్లలో (ఈ 13900కె 13వ జనరేషన్‌దే) పెద్ద చిప్పులకి ఒక జబ్బు వచ్చింది, అవసరమైనదానికంటే ఎక్కువ వోల్టేజ్ అడిగి లోపల్లోపలే అరిగిపోవడం. ఇంటెల్ వాళ్ళే ఒప్పుకుని 2024 ఆగస్టు నుంచి బయోస్ (మదర్‌బోర్డులో ఉండి పీసీని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చారు, ఆ మోడళ్ళకి వారంటీ కూడా ఇంకో రెండేళ్ళు పెంచారు. అప్‌డేట్ వేస్తే ఇకమీదట అరగకుండా ఆపుతుంది గానీ అప్పటికే అరిగింది తిరిగిరాదు. నీకు అమ్మేవాడు దాన్ని అప్‌డేట్ లేకుండా ఎన్ని నెలలు వాడాడో నీకెట్లా తెలుస్తుంది? ఇంకో చిక్కేమంటే ఈ జబ్బున్న చిప్పు మీద కొన్ని గేములు తెరిస్తే 'వీడియో మెమరీ చాల్లేదు' అని ఎర్రర్ వస్తుంది, పాపం జనం గ్రాఫిక్స్ కార్డు పోయిందనుకుని కార్డు మార్చేస్తారు. బిల్లు లేకుండా వచ్చే 13900కె జోలికి పోవద్దు, సగం రేటుకిచ్చినా సరే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆరేడేళ్ళు రావాలి అంటే ఏమని అర్థం? ప్రాసెసర్ చచ్చిపోవడం చాలా అరుదు తమ్ముడూ, ముందు పోయేది ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా), ఫ్యాన్లు, మదర్‌బోర్డు మీద ఏదో ఒకటి. ప్రాసెసర్ ముసలిదవుతుందంతే, అంటే గేములు పెరిగిపోయి అది వెనకబడుతుంది. దీనికి పెద్ద చిప్పు ఒకేసారి కొనేయడం మందు అని అందరూ అనుకుంటారు, నేనైతే అట్లా అనుకోను. రేపు ఇంకో చిప్పు పెట్టుకునే జాగా ఉన్న బోర్డు కొనాలి. ఈరోజు మధ్యరకం చిప్పు పెట్టుకో, నాలుగేళ్ళకి అదే బోర్డులో ఇంకా మంచిది పెట్టుకో, పాతది అమ్ముకో. నాయన్ని కొత్త పీసీ అడిగినట్టూ కాదు.

ఈ లెక్కన చూస్తే నీకు ఏఎండీ ఏఎం5 సాకెట్ కుదురుతుంది, సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. 2022 సెప్టెంబర్లో రైజెన్ 7000తో వచ్చింది, 2024లో రైజెన్ 9000 కూడా అదే సాకెట్లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా దీన్ని నడిపిస్తామని కంపెనీ మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంటారా అంటే ఇంతకుముందు ఏఎం4 సాకెట్ కథ చూడు, 2017లో మొదటి రైజెన్ కోసం కొన్న బోర్డుల్లో చాలావాటికి 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ కూడా బయోస్ అప్‌డేట్‌తో కూర్చుంది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ అయితే 2021లో వచ్చి 12, 13, 14 జనరేషన్లతో సరిపెట్టుకుంది, 2024లో కోర్ అల్ట్రా కోసం సాకెట్ మార్చేశారు.

చిప్పు రైజెన్ 5 7600 తీసుకో. ఆరు కోర్లు (అంటే పని చేసే చేతులు అనుకో), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి పట్టే పనులు), 65 వాట్లు, డబ్బాలోనే కూలర్ వస్తుంది, లోపల చిన్న గ్రాఫిక్స్ కూడా ఉంది కాబట్టి రేపు గ్రాఫిక్స్ కార్డు రిపేరుకి పోయినా పీసీ ఆన్ అవుతుంది, కాలేజీ రికార్డు రాసుకోవచ్చు. ఆరు కోర్లు ఆరేళ్ళకి చాలుతాయా అని చాలామంది అడుగుతారు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో ఎనిమిది కోర్లున్నాయి నిజమే, కానీ అవి జెన్ 2 రకం పాత కోర్లు, నువ్వు కొనేవి జెన్ 4, ఒక్కొక్క కోరు చాలా స్పీడు. పెద్ద గేములు ఎక్కువగా ఆ కన్సోళ్ళని చూసుకునే తయారవుతాయి కాబట్టి వచ్చే కొన్నేళ్ళు నీకు ఇబ్బంది ఉండదు. చేతిలో ఇంకొంచెం ఉంటే ఎనిమిది కోర్ల 7700 తీసుకో, గ్రాఫిక్స్ కార్డులో కోత పెట్టి మాత్రం వద్దు. 80 వేలలో ప్రాసెసర్ 20 వేలు దాటిందంటే గేమింగ్‌కి తప్పు లెక్క వేసుకున్నట్టే.

తర్వాత ఎప్పుడో పెట్టుకునే చిప్పు గురించి కూడా చెప్తా, పేరు చివర ఎక్స్3డీ అని ఉండేవి. మామూలు 7600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 7800ఎక్స్3డీలో 96 ఎంబీ. క్యాష్ అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే సొంత అల్మారా అనుకో, కావాల్సింది అక్కడే దొరికితే ర్యామ్ దాకా పోయిరాకుండా పని అయిపోతుంది, గేములకి అది బాగా పనికొస్తుంది. ఈరోజు దాని రేటు నీ బడ్జెట్‌కి అందదు. 2029లోనో 2030లోనో సెకండ్‌హ్యాండ్‌లో చూసుకో, అది మాత్రం కొనొచ్చు.

ఎడిటింగ్ సంగతి. ఇక్కడ మీ మామని ఒక మాట అడుగు, కెమెరాలో ఏ సెట్టింగ్‌లో తీస్తున్నాడు అని. ఫోన్ వీడియోలైతే మామూలు హెచ్.265, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతి, దాన్ని ఇప్పుడున్న ఏ గ్రాఫిక్స్ కార్డైనా హాయిగా విప్పుతుంది. కెమెరాలో హెచ్.265, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా దాచే సెట్టింగ్) అని ఉంటే మాత్రం కథ వేరే, అది రైజెన్ లోపలి గ్రాఫిక్స్ విప్పలేదు, ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కంటే ముందు కార్డులూ విప్పలేవు, భారమంతా ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ ముక్కముక్కలుగా ఆడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో విప్పే భాగం, క్విక్ సింక్‌కి మాత్రం ఇది చాలా ఏళ్ళ నుంచి వచ్చు. కాబట్టి మామ అట్లా తీస్తుంటే గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లోది తీసుకో, 5060 చాలు. లేదంటే సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీలు చేసుకో, అంటే అసలు ఫైలుకి చిన్న సైజు నకలు తీసుకుని దానిమీద కట్ చేసుకోవడం, ఎక్స్‌పోర్ట్ అప్పుడు అసలుదే వస్తుంది. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలకి పెట్టేస్తే పొద్దున్నే రెడీగా ఉంటాయి.

ర్యామ్ దగ్గర బాధపడాల్సిందే. ఏఎం5కి డీడీఆర్5 రకం ర్యామ్ తప్పదు, 2025 చివర్లో వాటి రేట్లు విపరీతంగా పెరిగాయి. డబ్బు చాలకపోతే 16 జీబీ ఒక్క స్టిక్కే వేయించుకో, కొన్ని ఫ్రేములు తగ్గుతాయి, పర్లేదు, రేటు దిగినప్పుడు అదే మోడల్ ఇంకోటి తెచ్చుకుంటే 32 అవుతుంది. వేయించాక బయోస్‌లోకి పోయి ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని అసలు స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేయడం మర్చిపోవద్దు, అది చేయకపోతే 6000 స్పీడు ర్యామ్ కూడా 4800 దగ్గరే నడుస్తుంది, షాపులో చేసిచ్చారో లేదో నువ్వే చూసుకో.

ఇంక మన ఎండలు. రివ్యూల్లో వాళ్ళు ఏసీ రూములో కొలుస్తారు, మనకి ఏప్రిల్, మే నెలల్లో రూములోనే 38, 40 డిగ్రీలు ఉంటుంది. గదిలో 15 డిగ్రీలు పెరిగితే చిప్పు మీద కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 7600 లిమిట్ 95 డిగ్రీలు, అది తాకితే కాలిపోదు గానీ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది, నీకు గేమ్ తడబడినట్టు కనిపిస్తుంది. పోయిన ఎండాకాలం ఒకరింటికి పోయినా, పీసీ స్లో అయింది, ప్రాసెసర్ మార్చాలి అన్నారు. చూస్తే క్యాబినెట్‌ని గోడలోని కడప బండ గూట్లో పెట్టి ముందర కర్టెన్ వేశారు, దుమ్ము రాకూడదని. చెయ్యి పెడితే పైబండ వేడిగా ఉంది, పెనం దించినాక పొయ్యి గట్టు ఉంటుందే, అట్లా. బయటికి లాగి నేలమీద స్టూలేసి పెట్టి, ముందు ఫిల్టర్ తీస్తే దుమ్ము దూదిపరుపులాగా చుట్టగా వచ్చింది. అంతే, అదే ప్రాసెసర్ మళ్ళా మామూలుగా నడిచింది. నువ్వు ముందు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకో, అద్దం ముఖం ఉన్నది చూడ్డానికి బాగుంటుంది, మన ఊరికి పనికిరాదు.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి యూపీఎస్ 600 వీఏది వద్దు, గ్రాఫిక్స్ కార్డు లోడ్ మీద ఉన్నప్పుడు అది మోయలేదు, 1 కేవీఏ చూసుకో. పార్టుల కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోతావేమో, మనోళ్ళు చాలామంది పోతారు, రేటులో తేడా ఉండొచ్చు, కానీ ప్రాసెసర్ సీల్డ్ బాక్సే అడుగు, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో. వారంటీకి ప్రతిసారీ బండెక్కి బెంగళూరు పోవాల్సి వస్తుందనుకుంటే సుభాష్ రోడ్డులోనో ఇంకెక్కడో మన ఊరి షాపులోనే వెయ్యి ఎక్కువిచ్చి కొన్నా తప్పులేదు.

ప్రశ్న: సార్, మాది కడప. 2019లో బీ450 బోర్డు, రైజెన్ 5 2600, 16 జీబీ డీడీఆర్4తో కట్టించిన పీసీ. కొత్త గేములకి, పిల్లల స్కూల్ వీడియోల ఎడిటింగ్‌కి ఆయాసపడుతోంది. షాపులో బోర్డు, ర్యామ్ అన్నీ మార్చాలంటున్నారు. ఖర్చు చూస్తే గుండె దడగా ఉంది.

జవాబు: ఏమీ మార్చొద్దండీ, ప్రాసెసర్ ఒక్కటి మార్చండి. పైన చెప్పిన ఏఎం4 సాకెట్ బోర్డే మీది. రైజెన్ 5 5600 తెచ్చుకోండి, ఎడిటింగ్ ఎక్కువుంటే ఎనిమిది కోర్ల 5700ఎక్స్. అదే 2019లో ఇంటెల్ బోర్డు కొని ఉంటే 9వ జనరేషన్ దగ్గరే ఆగిపోయేవారు.

కానీ వరుస తప్పొద్దు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, మీ బోర్డు కంపెనీ సైట్‌లో సపోర్ట్ పేజీలో 5600 పేరు ఏ బయోస్ వెర్షన్ నుంచి ఉందో చూసుకుని అది వేయండి, వేసేటప్పుడు కరెంటు పోకుండా యూపీఎస్ మీద పెట్టండి. ఇది చేయకుండా కొత్తది పెడితే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, ప్రాసెసర్ పోయిందని కంగారు పడతారు.

ఇంకోటి, నేను అనుభవించింది. నా పాత పీసీ కూడా ఏఎం4నే, ప్రాసెసర్ మారుద్దామని చలికాలం పొద్దున్నే కూలర్ పట్టుకుని పైకి లాగాను, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు పాతదై గట్టిపడి ఉంది, సాకెట్ లివర్ వేసి ఉన్నా సరే ప్రాసెసర్ కూలర్‌కి అతుక్కుని సాకెట్లోంచి ఊడొచ్చేసింది. తిప్పి చూస్తే మూలలో నాలుగు పిన్నులు వంగాయి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. పిల్లల లెడ్ పెన్సిల్ తీసి, లోపలి లెడ్ తీసేసి, ఆ ఖాళీ మూతిని ఒక్కో పిన్నుకి తొడిగి మెల్లగా నిలబెట్టాను, గంటపైన పట్టింది, చేతులు వణికాయి. మీరు ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు. ముందు పావుగంట గేమ్ ఏదైనా ఆడండి, పేస్టు మెత్తబడుతుంది, అప్పుడు ఆపేసి, ప్లగ్ తీసి, కూలర్ స్క్రూలు విప్పి, పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పండి. జారినట్టు వదులుతుంది. కొత్త ప్రాసెసర్‌కి శనగగింజంత పేస్టు చాలు.

మీ పాత 2600ని పారేయొద్దు, విండోస్ 11కి అర్హత ఉన్న మొదటి రైజెన్ బ్యాచ్‌లోదే అది, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దానికింకా గిరాకీ ఉంటుంది.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నాను. మా బాబు హాస్టల్‌కి వెళ్తున్నాడు, గేములు, కాస్త వీడియో ఎడిటింగ్ చేస్తాడట. ఐ7 ల్యాప్‌టాప్, ఐ5 ల్యాప్‌టాప్ రెండూ ఒకే రేటు చెప్పారు. ఐ7నే మంచిది కదా?

జవాబు: అక్కా, ఐ7 అనే అంకె ఒక్కటే చూసి కొనొద్దు, చివర అక్షరం చూడు. యూ అని ఉంటే బ్యాటరీ ఆదా చేసే రకం, హెచ్ అని ఉంటే గట్టి పనికి. ఐ7-1355యూలో పెద్ద కోర్లు రెండే, ఐ5-12500హెచ్‌లో నాలుగు ఉంటాయి, బాబు చెప్పే పనికి ఆ ఐ5నే మేలు. వేరే గ్రాఫిక్స్ కార్డు కూడా ఉందో లేదో అడుగు, అది లేకపోతే గేముల మాట మర్చిపోవాల్సిందే. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ బోర్డుకి అతికించేసి ఉంటుంది, తర్వాత మార్చడానికి కుదరదు, అందుకని ర్యామ్‌కి ఖాళీ స్లాటు ఉన్న మోడలే తీసుకో. షాపులో మూత విప్పి చూపించమను, చూపించకపోతే మోడల్ నంబర్ ఫొటో తీసుకుని వచ్చి బాబుని చూసుకోమను.