పొయ్యి ముందు పెద్దకోడలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. చిన్నకోడలికి వచ్చిన ఉద్యోగపు ఉత్తర్వును పోస్ట్‌మాన్ పెద్దకోడలి చేతికివ్వడం, చేరడానికి మర్నాడే ఆఖరి రోజు కావడం, ఆమె ఆ కాగితం పట్టుకుని మండుతున్న పొయ్యి ముందు నిలబడి ఉండగా కథ ఆగిపోవడం బాగా కుదిరాయి. అయితే ఆమె ఏం చేస్తుందోనన్న సందేహం నాకు ఒక్క క్షణం కూడా కలగలేదమ్మా. మొదటి పేజీ నుంచీ పళ్ళు కొరుకుతూ, మెటికలు విరుస్తూ తిరిగిన మనిషి ఆ కాగితాన్ని పొయ్యిలో వేయక మరేం చేస్తుంది?

ఫ్రాంక్ స్టాక్‌టన్ అనే అమెరికన్ రచయిత 1882లో 'ది లేడీ, ఆర్ ది టైగర్?' అనే కథ ప్రచురించాడు. రాజకుమార్తెను ప్రేమించిన నేరానికి ఒక యువకుణ్ణి గోదాలో నిలబెడతారు. ఎదురుగా రెండు తలుపులు. ఒకదాని వెనుక పులి, రెండోదాని వెనుక అక్కడికక్కడే అతనికి కట్టబెట్టబోయే అందగత్తె. ఏ తలుపు వెనుక ఏముందో రాజకుమార్తెకు తెలుసు. ఆ అందగత్తె పొడ ఆమెకు గిట్టదు. ఆమె కుడిచేతిని కొద్దిగా ఎత్తి కుడివైపుకు సైగ చేస్తుంది, అతను తడుముకోకుండా వెళ్ళి ఆ తలుపు తెరుస్తాడు. ఏది బయటికి వచ్చిందో రచయిత చెప్పడు.

ఆ సైగకు ముందు ఆమె మనసును స్టాక్‌టన్ తూచిన తీరు చూడు. ప్రియుణ్ణి పులి చీల్చడాన్ని ఊహించుకుని ఆమె ఎన్నోసార్లు ఉలిక్కిపడిందంటాడు. అతను రెండో తలుపు తెరిచి మురిసిపోవడం అంతకంటే ఎన్నోసార్లు కళ్ళకు కట్టిందంటాడు. ఆ ఒక్క మాటతో త్రాసు అసూయవైపు వంగుతుంది. మరుక్షణమే ఆ కేకలు, ఆ నెత్తురు గుర్తుచేసి మళ్ళీ పైకి లేపుతాడు. ఉత్కంఠ అంతా ఈ ఊగిసలాటలోనే ఉంది. రాజకుమార్తెకు రహస్యం తెలుసునన్న సంగతిని ఎక్కడా దాచలేదు. నువ్వేమో పెద్దకోడలికి చదువు వచ్చునన్న విషయాన్ని చివరి పేరాదాకా దాచావు. అది పాఠకుణ్ణి మోసగించడమే. ఆ సంగతి మొదటి పేజీలోనే చెప్పెయ్యి.

అసూయను చూపడంలో మనకు 'పారిజాతాపహరణం' రాసిన నంది తిమ్మన ఉన్నాడు. పారిజాతం రుక్మిణికి దక్కిందని చెలికత్తె చెప్పగానే సత్యభామ దెబ్బతిన్న ఆడపాములా, నెయ్యి పోసిన మంటలా లేస్తుంది, కోపగృహానికి వెళ్ళిపోతుంది. నీ పెద్దకోడలికి కోపగృహం లేదు. కడుపులో ఎంత మండుతున్నా అందరికీ అన్నం వడ్డించాలి. కాబట్టి ఆమె అసూయ చేతుల్లో కనిపించాలి. అత్తగారు కొట్టుగది తాళాలను చిన్నకోడలికిచ్చిన మర్నాడు, బియ్యం కొలవడానికి లేచిన పెద్దకోడలి చెయ్యి అలవాటుగా నడుము దగ్గరకు వెళ్ళి, తాళాలగుత్తి తగలక, అక్కడే చీర కుచ్చిళ్ళను సర్దుకుందని రాస్తే ఆ పళ్ళు కొరకడాలన్నీ కొట్టేయవచ్చు.

త్రాసు రెండో పళ్ళెంలోనూ బరువు వెయ్యాలి. ఆ ఉద్యోగపు పరీక్షకు వెళ్ళేనాటి తెల్లవారుజామున తోడికోడలికి తల దువ్వి జడ వేసింది కూడా ఈ పెద్దకోడలే కావాలి. తాను చదువు మానేసిన సంగతి జడ అల్లుతూ ఒక్క మాటలో చెప్పి ఊరుకోవాలి. అప్పుడు ఆ కాగితం పట్టుకున్న చెయ్యి ఎటు కదులుతుందో నీకూ తెలియదు. తెలియకపోవడమే కావాలి; జవాబు మనసులో పెట్టుకుని రాస్తే అది ఎక్కడో ఒకచోట బయటపడిపోతుంది.

కథ అచ్చయ్యాక 'చివరికేమైంది?' అని అడుగుతారు, చెప్పకు. నా తొలి కథల్లో ఒకదాని గురించి ఎవరో అడిగితే ముచ్చటపడి చెప్పేశాను. ఆనాటి నుంచి ఆ కథ గురించి నాతో ఎవరూ వాదించలేదు. స్టాక్‌టన్ 1885లో తన కథకు కొనసాగింపు రాసి, దాన్ని కూడా మరో తేలని ప్రశ్న దగ్గరే ఆపాడు.

తాళాల సన్నివేశం, జడ సన్నివేశం రాసి మళ్ళీ పంపు. పొయ్యి దగ్గరి ఆఖరి వాక్యాన్ని మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో.