హేవుందేలో ఒక్క రోజు: ఏది ముందు, ఏది వెనక?

ప్రశ్న: మా అబ్బాయి సియోల్‌లో చదువుతున్నాడు. మేం వెళ్లినప్పుడు బుసాన్‌లోని హేవుందే బీచ్‌కి ఒక్క రోజే కుదురుతుంది. మా అత్తగారు ఎక్కువ నడవలేరు. ఏ వరుసలో చూస్తే మంచిది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సియోల్ నుంచి కేటీఎక్స్ అనే హైస్పీడ్ రైల్లో బుసాన్ స్టేషన్‌లో దిగి, మెట్రో ఒకటో లైనులో సొమ్యొన్ దాకా వెళ్లి, అక్కడ రెండో లైనుకి మారండి. హేవుందే అనే మెట్రో స్టేషన్‌లోనే దిగాలి. షిన్‌హేవుందే అనేది వేరే రైల్వే స్టేషన్, బీచ్‌కి దూరం.

పొద్దున్నే బీచ్ తూర్పు చివరనున్న మిపొకి టాక్సీలో వెళ్లండి. పాత రైలు మార్గాన్ని బ్లూలైన్ పార్కుగా మార్చారు. పైన పట్టాల మీద నలుగురు పట్టే స్కై క్యాప్సూల్ అనే చిన్న పెట్టెలు, కింద బీచ్ రైలు నడుస్తాయి. క్యాప్సూల్ టికెట్ మనిషికి కాదు, పెట్టె మొత్తానికి. కాబట్టి నలుగురూ కలిసి ఎక్కితేనే గిట్టుబాటు. దానికి టైము స్లాటు ఉంటుంది. శని, ఆదివారాల్లో అక్కడికి వెళ్లాక దొరకడం కష్టం, ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. క్యాప్సూల్ రెండు కిలోమీటర్ల దూరంలోని చొంగ్‌సాపొ రేవు దాకానే వెళ్తుంది; నెమ్మదిగా, అరగంట పడుతుంది. ఆ పైన సొంగ్‌జొంగ్ బీచ్‌కి వెళ్లాలంటే బీచ్ రైలే. దానికి వేరే టికెట్. సీట్లన్నీ సముద్రం వైపే ఉంటాయి కనుక కిటికీ కోసం తొందరపడక్కర్లేదు.

చొంగ్‌సాపొ దాటాక దరిట్‌దోల్ అనే నడక వంతెన సముద్రం మీదికి సాగి ఉంటుంది. మొదట 72.5 మీటర్లే ఉండేది, 2024లో పొడిగించారు. అడుగున కొంత గాజు. బూట్లకి తొడుగులు వేసుకుని నడవాలి. వాన పడినా, గాలి ఎక్కువైనా మూసేస్తారు, అందుకే ఆ రోజు వాతావరణం చూసుకుని బయల్దేరండి.

మధ్యాహ్నం దొంగ్‌బేక్ దీవికి. పేరుకే దీవి, ఇప్పుడు నేలతో కలిసిపోయింది. 2005లో ఏపెక్ (ఆసియా-పసిఫిక్ దేశాల ఆర్థిక సహకార వేదిక) సదస్సు జరిగిన నురిమారు భవనం అక్కడే. లోపల చూడాలంటే సాయంత్రం 5 లోపు చేరాలి. అది అయ్యాక చీకటి పడేదాకా అక్కడే కూర్చోండి, గ్వాంగాన్ వంతెన దీపాలు అక్కణ్నుంచి బాగా కనిపిస్తాయి.

పక్కనే గిజాంగ్‌లోని హేదొంగ్ యొంగ్‌గుంగ్‌సా గుడి అందమైనదే. కానీ సముద్రం దాకా 108 మెట్లు దిగి, మళ్లీ అన్నీ ఎక్కాలి. అత్తగారితో ఈసారికి వద్దు.

ప్రశ్న: దొంగ్‌బేక్ దీవి రాళ్ల మీదున్న విగ్రహం అయోధ్య నుంచి వెళ్లిన రాకుమారిదేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాదు. పేరు దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన పొరపాటు. అది హ్వాంగ్ఓక్ అనే జలకన్య కథలోని బొమ్మ. 1974లో పెట్టిన మొదటి విగ్రహం 1987 తుపానుకి దెబ్బతింది, ఇప్పుడున్నది తర్వాత చేసినది. మీరు అంటున్నది కొరియాలోని ప్రాచీన రాజ్యం గాయాని ఏలిన రాజు సురో భార్య హొ హ్వాంగ్ఓక్. ఆమె అయుత దేశం నుంచి క్రీ.శ. 48లో ఓడలో వచ్చిందని 13వ శతాబ్దపు కొరియా గ్రంథం ‘సాంగుక్ యుసా’ చెబుతుంది. ఆ అయుత అయోధ్యే అని చాలామంది నమ్మకం. ఆమె సమాధి, ఆమె వెంట తెచ్చిందని చెప్పే పాసా రాతి స్తూపం బుసాన్ పక్కనున్న గింహేలో ఉన్నాయి. మెట్రో రెండో లైనులో ససాంగ్ దాకా వెళ్లి, లైట్ రైలు ఎక్కి, సురో రాజు సమాధి స్టేషన్‌లో దిగండి.