సముద్రయానం: మీ ప్రశ్నలు, మా జవాబులు

క్రూజ్ ఓడ (విహారయాత్రకి తిప్పే పెద్ద ఓడ) ప్రయాణం గురించి ప్రశ్నలు పంపమని కోరితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగానికి పైగా బట్టల గురించే! మేం మాత్రం కాగితాలకి, మందులకి, టైముకి ఎక్కువ చోటు ఇచ్చాం. బట్టల్లో తేడా ఉంటే మహా అయితే ఒక పూట డిన్నర్ పోతుంది. పాస్‌పోర్టులో తేడా ఉంటే ప్రయాణమే పోతుంది.

మా పక్కనే సముద్రం ఉంది కదా, ఓడ ఎక్కడానికి ఎంత దూరం వెళ్లాలి? విశాఖలో ఎక్కొచ్చా? ఏ నెలలు మంచివి? (నరసన్నపేట)

కళింగపట్నం, బారువ ఒకప్పటి రేవులే గాని ఇప్పుడు ప్రయాణికుల ఓడలు అక్కడికి రావు. విశాఖ పోర్టులో క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంతకు ముందే, 2022 జూన్‌లో, కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ ఓడ విశాఖకు వచ్చి వెళ్లింది. అయితే విశాఖకు ఓడలు ఏడాది పొడవునా రావు, ఏవో కొన్ని వారాలు మాత్రమే. ఆ షెడ్యూలు దొరికితే అదృష్టమే. దొరక్కపోతే చెన్నై, ముంబై, కొచ్చి. విదేశాల్లో అయితే సింగపూర్, దుబాయ్.

చెన్నైలో ఎక్కేవాళ్లు ఓడ బయల్దేరే రోజు ఉదయం చేరే రైలుకి టిక్కెట్ తియ్యకండి. హౌరా–చెన్నై లైన్‌లో రైలు నాలుగైదు గంటలు ఆలస్యం కావడం మీకు కొత్త కాదు. ఓడ సాయంత్రం 5కి కదులుతుందంటే చెక్-ఇన్ అంతకు గంటో గంటన్నరో ముందే మూసేస్తారు. ముందురోజే చేరి, రాత్రి లాడ్జిలో పడుకుని, మీకిచ్చిన టైముకి వెళ్లండి. విమానమైనా అంతే. ఆ ఒక్క రాత్రి అద్దె దగ్గర పొదుపు చెయ్యొద్దు.

నెలల సంగతి మీకు వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి కెరటాలు పెద్దవి. మొదటిసారి వెళ్లేవాళ్లకి జనవరి నుంచి మార్చి దాకా మేలు. తుపాను వస్తే ఓడ దాన్ని తప్పించుకుని వేరే దారిలో పోతుంది, అనుకున్న రేవులో ఆగకపోవచ్చు. ఆ హక్కు తమకుందని కంపెనీలు టిక్కెట్ షరతుల్లోనే రాసుకుంటాయి.

నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది. మా అబ్బాయి దుబాయ్ నుంచి బయల్దేరే క్రూజ్‌కి బుక్ చేస్తానంటున్నాడు. ఇబ్బంది ఉంటుందా? (రాజాం)

ఉండొచ్చు. మన జిల్లాల్లో సగం ఇళ్ల సమస్య ఇది. ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో అసలుండదు.

పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరసల అక్షరాలుంటాయి చూడండి. సర్‌నేమ్ ఉన్న పాస్‌పోర్టులో, పై వరసలో దేశం గుర్తు తర్వాత ఇంటిపేరు, ఆ పక్కన రెండు బాణం గుర్తులు, తర్వాత సొంత పేరు. కౌంటర్‌లో మిషను చదివేది ఆ వరసనే. టిక్కెట్ మీద పేరు దానితో కలవాలి, ఆధార్‌తో కాదు. పేరు మొత్తం ఒకే ఒక్క మాటగా ఉన్న పాస్‌పోర్టులకి 2022 నవంబరు నుంచి యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం) విజిట్ వీసా విషయంలో అభ్యంతరం పెడుతోంది. మీ పేరు రెండు మాటలున్నా, అవి రెండూ ఒకే గడిలో ఉంటే బుకింగ్ ఫారంలో ‘లాస్ట్ నేమ్’ దగ్గర ఏం రాయాలన్న చిక్కు వస్తుంది. అక్కడ తోచిందేదో రాయకుండా కంపెనీకి ఈమెయిల్ పెట్టి, వాళ్ల జవాబు ప్రింటు తీసి ఉంచుకోండి.

శాశ్వత పరిష్కారం ఇంటిపేరు విడదీసి పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించడమే. వివరాల మార్పు కింద దరఖాస్తు పెట్టాలి. ఇంటిపేరు పూర్తిగా ఉన్న పత్రాలు చూపాలి. ముందు ఆధార్ సరిచేసుకుని తర్వాత పాస్‌పోర్టుకి వెళ్తే ఒకే తిరుగుడుతో పోతుంది. ఇదంతా టిక్కెట్ కొనక ముందు పని. కొన్నాక పాస్‌పోర్టు నెంబరు మారితే వీసా, బుకింగ్, ఇన్సూరెన్స్ అన్నీ మళ్లీ దిద్దుకోవాలి.

పాస్‌పోర్టు గడువు, మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా 6 నెలలు ఉండాలి. వీసా ‘మల్టిపుల్ ఎంట్రీ’యో కాదో చూసుకోండి. సింగపూర్‌లో ఓడెక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లో దిగితే అది రెండో ప్రవేశం. యూరప్ ఓడలదీ అదే లెక్క: ఇటలీ నుంచి టర్కీ వెళ్లి వెనక్కొస్తే షెంజెన్‌లోకి (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమిలోకి) రెండోసారి అడుగుపెట్టినట్టే. షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. సింగపూర్‌లో దిగేవాళ్లు ఇవ్వాల్సిన వివరాల ఫారం, అంటే అరైవల్ కార్డు, చేరడానికి 3 రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు. అది ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్ అయితే అసలుది కాదు.

దేశంలోనే తిరిగే ఓడకి ఆధార్ లాంటి ఫొటో గుర్తింపు చాలు. శ్రీలంకలో ఆగితే మాత్రం పాస్‌పోర్టు కావాలి.

బస్సులో సాలూరు ఘాటు ఎక్కితేనే నాకు వాంతులు. ఓడలో నాలుగు రోజులు ఎలా ఉండను? (బొబ్బిలి)

ఉండగలరమ్మా. ఘాటు రోడ్డంత హఠాత్తుగా ఓడ తిరగదు. పెద్ద ఓడలకి నీటి కింద రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, పక్కలకి ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి. ముందుకీ వెనక్కీ ఎగిరిపడే కుదుపుని మాత్రం అంతగా ఆపలేవు. కారణం ఘాటు రోడ్డులో ఉన్నదే: లోపలి చెవి ‘కదులుతున్నాం’ అంటుంది, ఎదురుగా కదలని గోడ చూస్తున్న కన్ను ‘లేదు’ అంటుంది. ఆ తగువే వికారం.

అందుకే గది ఎంపిక మందుకంటే ముందు. ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో కదలిక తక్కువ. ముందు కొసన, పై అంతస్తులో ఎక్కువ. పైన బాల్కనీ గదికి ఎక్కువ డబ్బు పోసి ఎక్కువ ఊగుడు కొనుక్కునేవాళ్లే ఎక్కువ. బుక్ చేసేటప్పుడు డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం) అడిగి గది నెంబరు మీరే ఎంచుకోండి. ‘గ్యారంటీ కేబిన్’ అని చవకగా ఇచ్చేదాంట్లో గది వాళ్లిష్టం. మీలాంటివాళ్లకి అది వద్దు.

మందులు: సినరిజైన్ (స్టుజెరాన్), ప్రోమెథజైన్ (ఎవోమిన్), మెక్లిజైన్ వాడుకలో ఉన్నవి. అన్నిటికీ మగత ఉంటుంది. ప్రొస్టేట్ సమస్య, గ్లకోమా (కంటి జబ్బు) ఉన్నవాళ్లు, గర్భిణులు, నిద్ర మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. మద్యంతో కలపకూడదు. ఎక్కువమంది చేసే పొరపాటు, వాంతులు మొదలయ్యాక మాత్ర మింగడం. అప్పటికి కడుపు దాన్ని నిలుపుకోదు. ఓడ కదలడానికి గంటో రెండు గంటలో ముందే పడాలి. ప్రయాణానికి వారం ముందు ఓ సెలవు రోజున ఇంట్లో ఒకటి వేసుకుని, మీకు ఎంత మగత వస్తుందో చూసుకోండి.

ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. పొడి బిస్కెట్లు, మరమరాలు, కాస్త అన్నం, ఇలా కొద్దికొద్దిగా తింటుండండి. నూనె వస్తువులు ఆ పూటకి వద్దు. శొంఠి, అల్లం మురబ్బా కొందరికి బాగా పనిచేస్తాయి. ఫోన్ పక్కన పెట్టి, డెక్ మీదికి పోయి దూరాన నీళ్లూ ఆకాశమూ కలిసే గీతని చూస్తూ నిలబడండి. రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటుపడుతుంది. దిగాక ఒకట్రెండు రోజులు నేల ఊగుతున్నట్టుంటే కంగారు పడకండి.

మా నాన్నగారికి షుగరు, ఇన్సులిన్ వాడతారు. క్రియాటినిన్ కూడా ఎక్కువే, డయాలసిస్ దాకా రాలేదు. తీసుకెళ్లొచ్చా? (కవిటి)

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు నుంచి ఇలాంటివి ఇంకో రెండు ఉత్తరాలు వచ్చాయి, అందరికీ కలిపి చెబుతున్నాం. ముందు మీ కిడ్నీ డాక్టర్ సరేననాలి. సాధారణ క్రూజ్ ఓడల మెడికల్ సెంటర్‌లో డాక్టరు, నర్సులు, అత్యవసర సామగ్రి ఉంటాయి గాని డయాలసిస్ ఉండదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ప్రత్యేకంగా ఆ ఏర్పాటు చేసిన ట్రిప్పులు తప్ప మామూలు టిక్కెట్ కొనకూడదు.

మీ నాన్నగారి విషయంలో అసలు ప్రమాదం ఒంట్లో నీరు తగ్గడం. వాంతులో విరేచనాలో పట్టుకుంటే క్రియాటినిన్ గబుక్కున పెరుగుతుంది. అప్పుడు ఏ మందులు ఆపాలో, ఎంత నీరు తాగాలో, ఓఆర్ఎస్ ఇవ్వొచ్చో లేదో ముందే డాక్టర్‌తో రాయించుకోండి. ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు. వికారం మాత్ర కూడా కిడ్నీ డాక్టర్ చెప్పిందే వాడాలి.

ఇన్సులిన్‌ని ఓడ సిబ్బంది గదికి చేర్చే పెద్ద పెట్టెలో వెయ్యొద్దు. ఆ పెట్టె కొన్ని గంటల తర్వాత గాని రాదు. చేతి సంచిలో ఐస్ ప్యాక్‌తో ఉంచండి, పెన్ను నేరుగా ఐస్‌కి తగలకుండా గుడ్డ చుట్టండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. గదిలోని మినీ బార్ (కూల్‌డ్రింకులు పెట్టే చిన్న పెట్టె) చాలాసార్లు సరిపడా చల్లబడదు. మందులకి ఫ్రిజ్ కావాలని బుకింగ్‌లోనే రాయించండి. అవసరానికి ఒకటిన్నర రెట్లు మందులు, వాటి స్ట్రిప్పులతోనే. చీటీ మీద కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు ఉండాలి. ట్రమడాల్, అల్ప్రజోలం, కోడీన్ దగ్గు సిరప్‌లకి యూఏఈ, సింగపూర్‌లలో గట్టి నియమాలున్నాయి. ముందుగా అనుమతి తీసుకోకుండా పట్టుకెళ్తే చిక్కే.

ఓడలో వైద్యం విడిగా బిల్లు వేస్తారు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు షుగరు, కిడ్నీ సంగతి దాచారా, క్లెయిమ్ పోయినట్టే. ఓడ నుంచి ఒడ్డు ఆసుపత్రికి తరలించే ఖర్చు పాలసీలో ఉందా అన్నది ప్రీమియం కంటే ముందు చూడాల్సింది.

ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఆవకాయ, అగరొత్తులు... వీటిలో ఏవి పట్టుకెళ్లొచ్చు? (విజయనగరం)

ఆవకాయ ఒక్కటే, అదీ సీలు వేసిన ప్యాకెట్ అయితే. ఇంట్లో వండిన కూరలు, పులిహోర చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. ఓడలోకి వచ్చినా ఆగిన దేశంలో ఒడ్డుకి తీసుకెళ్లకండి. యూఏఈ వెళ్లేవాళ్లు మసాలా పొట్లాల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, అక్కడవి నిషేధం. శాకాహారం అని బుకింగ్ అప్పుడే రాయిస్తే, ఎక్కాక రెస్టారెంట్ మేనేజర్‌కి మరోసారి చెబితే, భోజనానికి ఇబ్బంది ఉండదు.

వేడెక్కేవి, మండేవి ఏవీ కుదరవు: ఇస్త్రీ పెట్టె, స్టవ్, కెటిల్, అగరొత్తులు, కర్పూరం. నడిసముద్రంలో ఫైరింజన్ రాదు. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో బాల్కనీల వరస అంటుకుంది. ఆర్పని సిగరెట్ కారణమై ఉంటుందని విచారణలో తేలింది.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎందుకు తీసేసుకుంటారని చాలామందికి కోపం. ఇళ్లకొచ్చే కరెంటులో న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే తీగని) భూమికి కలుపుతారు. చాలా ఓడల్లో ఏ తీగనీ ఓడ ఉక్కుకి అలా కలపరు. చాలా ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో ఉండే సర్జ్ ప్రొటెక్టర్ ఎక్కువైన వోల్టేజిని ఎర్తు వైపు మళ్లించడానికి చేసిన వస్తువు. ఎక్కడో ఓ చోట లోపం వచ్చిందంటే అది వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. కాబట్టి సర్జ్ ప్రొటెక్టర్ లేని, చిన్న యూఎస్‌బీ ఛార్జర్ తీసుకెళ్లండి. గదుల్లో సాధారణంగా అమెరికా, యూరప్ తరహా సాకెట్లుంటాయి. మన ఫోన్ల రెండు పిన్నుల ఛార్జర్ యూరప్ సాకెట్‌లో పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. గది గోడలు ఉక్కువి గనుక నాలుగు అయస్కాంతపు కొక్కేలు పట్టుకెళ్తే తడి తువ్వాళ్లకి, సంచులకి పనికొస్తాయి.

డిన్నర్‌కి సూటు తప్పదా? (చీపురుపల్లి)

అక్కర్లేదు. ఫార్మల్ రాత్రి (అందరూ ముస్తాబై డిన్నర్‌కి వచ్చే రాత్రి) తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, బూట్లు చాలు. ఆడవాళ్లకి పట్టుచీరని మించింది లేదు. సూటు బదులు తడి డెక్ మీద జారని చెప్పులు కొనండి.

మధ్యలో ఊరు చూడ్డానికి దిగినప్పుడు ఓడ వెళ్లిపోతే? డబ్బు, ఫోన్ సంగతేంటి? (ఆమదాలవలస)

వెళ్లిపోతుంది. కంపెనీ ఏర్పాటు చేసిన టూర్ బస్సు ఆలస్యమైతే ఆగుతారు. సొంతంగా టాక్సీ మాట్లాడుకుంటే ఆగరు. చెప్పిన టైముకి కనీసం గంట ముందు రేవులో ఉండండి. ఓడ టైమూ, ఊరి టైమూ వేరు కావచ్చు. ఫోన్ దానంతటదే ఊరి టైముకి మారిపోతుంది, అందుకే దిగే ముందు మెట్ల దగ్గర బోర్డు మీదున్న టైము ప్రకారం చేతి గడియారం సరిచేసుకోండి. ఓడ ఇచ్చే రోజువారీ కాగితం మీద పోర్టు ఏజెంట్ (ఆ రేవులో కంపెనీ తరఫు మనిషి) నెంబరు ఉంటుంది, ఫొటో తీసుకోండి. తప్పిపోతే మొదటి ఫోను ఆయనకే.

ఓడ కదిలాక ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చెయ్యండి. లేకపోతే ఓడ శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుని రోమింగ్ బిల్లు వేలల్లో వస్తుంది. ఓడలో ఖర్చంతా గది కార్డు మీదే. దానికి డెబిట్ కార్డు జతచేస్తే కొంత సొమ్ము బ్లాక్ చేసి, విడుదలకి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డు మేలు, విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి ఉండాలి. రోజుకింత అని సర్వీస్ ఛార్జీ మనిషికి విడిగా పడే కంపెనీలున్నాయి, ఇంట్లోనే లెక్క కట్టుకోండి. మన నోట్లు 25,000 రూపాయల దాకానే దేశం దాటించొచ్చు.

ఎక్కగానే ఏదో డ్రిల్లు ఉంటుందని మా గుంటడు చెప్పాడు. పెద్దవాళ్లం, వెళ్లకపోతే ఏమవుతుంది? (పలాస)

వెళ్లాల్సిందే. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, ఏం చెయ్యాలో చూపే డ్రిల్లు అది, అందరికీ తప్పనిసరి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి గుద్దుకుని 32 మంది పోయారు. ముందురోజుల్లో ఎక్కిన కొందరికి డ్రిల్లు జరిగింది గాని, ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లకి ఇంకా జరగలేదు. ఆ తర్వాత ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో డ్రిల్లు జరగాలని నియమం వచ్చింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత వినిపిస్తే గది తలుపు వెనక రాసున్న చోటికి చేరాలి. లిఫ్టులు వాడకూడదు. మోకాళ్ల నొప్పులుంటే సిబ్బందికి ఆ రోజే చెప్పండి, సాయానికి మనిషిని కేటాయిస్తారు.

మా కోడలికి అయిదో నెల. టిక్కెట్లు వచ్చే నెలకి ఉన్నాయి. (గజపతినగరం)

వాయిదా వేసుకోండి. ఎక్కువ కంపెనీలు గర్భం 24వ వారంలోకి వచ్చినవాళ్లని ఎక్కించుకోవు. ఆ లెక్క ఎక్కే రోజుకి కాదు, ప్రయాణం ముగిసే రోజుకి. డాక్టర్ చీటీ ఉన్నా ఆ గడువు మారదు. పుట్టాక కూడా బిడ్డకి కనీసం 6 నెలలు నిండాలి. వరసగా మూడు నాలుగు రోజులు నీళ్ల మీదే ఉండే ఓడలైతే 12 నెలలు అడుగుతాయి. తేదీ మార్చుకోవడానికి కట్టే సొమ్ము బయల్దేరే రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది గనుక ఈ వారమే ఏజెంటుకి రాతపూర్వకంగా తెలపండి.