చవక స్పానర్ విరగదురా, నట్టుని తినేస్తుంది

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు రెండూ చూశాను. ఒకటి 108 ముక్కల పెట్టె, ఇంకోటి 12 స్పానర్లే ఉన్న సెట్టు, ధర మాత్రం దానికి మూడింతలు. రెండింటి మీదా క్రోమ్ వెనేడియం అనే ఉంది కదా బాబాయ్, మరి తేడా ఏంటని అడిగావు. ఆ అక్షరాలు అచ్చు వేయడానికి ఖర్చేం కాదు. ఉక్కు పేరు ఒకటే అయినా దాన్ని ఎంత సరిగ్గా కాల్చి చల్లార్చారు, నోటిని ఎంత కచ్చితంగా కోశారు అన్నదాంట్లోనే కథంతా ఉంది.

అందరూ చవక స్పానర్ విరిగిపోతుందని భయపడతారు. ఇంట్లో మనం చేసే పనికి అది విరగడం చాలా అరుదు. అది చేసే నష్టం వేరు. నోరు కాస్త వదులుగా ఉంటే బలమంతా నట్టు పలకల మీద కాకుండా మూలల మీద పడుతుంది, పైగా మెత్తటి ఉక్కైతే గట్టిగా లాగేసరికి ఆ నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది, మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. స్పానర్‌కి ఏమీ కాదు, తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టుకోవచ్చు. ఇంజిన్‌కి అతుక్కుపోయిన ఆ గుండ్రటి బోల్టుని ఏం చేస్తావు?

నేను ఆ ముచ్చటా తీర్చుకున్నాను. మొదటిసారి ఆయిల్ మార్చేటప్పుడు పాత ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టుకి లోపల 12 మూలలున్న చవక రింగ్ స్పానర్ తగిలించి, కాలితో కూడా తన్నాను. జర్రున జారింది, వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. తర్వాత గ్రిప్ ప్లయర్, ఆ తర్వాత ఉలి, సుత్తి. చివరికి బోల్టు వచ్చింది గానీ దానితో పాటు అల్యూమినియం సంప్‌లోని, అంటే ఇంజిన్ కింద ఆయిల్ ఉండే గిన్నెలోని మరలు కూడా వచ్చేశాయి. సంప్ మొత్తం మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చుతో మంచి సెట్లు రెండు కొనుక్కోవచ్చు.

అందుకే షాపుకి వెళ్లేటప్పుడు జేబులో రెండు మూడు కొత్త బోల్టులు వేసుకెళ్లు. స్పానర్‌ని బోల్టు తలకి తగిలించి అటూ ఇటూ ఆడించు. గలగలా ఆడితే పక్కన పెట్టేయ్, ఎంత మెరిసినా సరే. నోటి లోపల పూత గడ్డలు కట్టి ఉందేమో వేలితో తడిమి చూడు, ఊడిన క్రోమ్ పొర బ్లేడులా కోస్తుంది. రింగ్ అయినా సాకెట్ అయినా 6 మూలలదే తీసుకో. 12 మూలలది ఇరుకులో సులువే, 30 డిగ్రీలు తిరిగితే చాలు మళ్లీ తగిలించుకోవచ్చు, 6 మూలలదైతే 60 కావాలి. కానీ తుప్పు పట్టి మొండికేసిన బోల్టు దగ్గర 6 మూలలదే నమ్మకం.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే, రోజూ చేతికొచ్చే నాలుగైదు సైజుల మీద. ముందు నీ బండి ఎక్కడి డిజైనో చూసుకో. బోల్టు సైజంటే దాని మర మందం, స్పానర్ సైజంటే తల వెడల్పు. ఒకే 8 మి.మీ. బోల్టుకి జపాన్ బండ్లలో చాలావరకు 12 స్పానర్ పడుతుంది, యూరప్ వాటికి 13. అలాగే 10 మి.మీ. బోల్టుకి జపాన్ వాటిలో 14, యూరప్ వాటిలో 16 లేదా 17. ఇది చూడకుండా పెద్ద పెట్టె కొంటే సగం ముక్కలు ఎప్పటికీ నూనె మరక పడకుండానే ఉంటాయి. నీకు కావాల్సినవి కాంబినేషన్‌లో తీసుకో, ఒక పక్క రింగు, ఒక పక్క ఫిక్స్, అంటే తెరిచిన నోరు. బిగుసుకున్నది రింగుతో వదిలించి, మిగతాది ఫిక్స్ పక్కతో తిప్పుకోవచ్చు. ఎప్పుడో ఒకసారి వాడే పెద్ద సైజులు చవకవే కొను, తప్పులేదు. చవకవాటితో ఇంకో సుఖం ఉంది, ఇరుకులో పట్టకపోతే గ్రైండర్ మీద అరగదీసుకోవచ్చు, వంచుకోవచ్చు. ఖరీదైనదాన్ని అలా చేయడానికి చెయ్యి రాదు.

స్క్రూ స్పానర్ మాత్రం చవకది ముట్టుకోకు, దాని కదిలే దవడ వణుకుతూనే ఉంటుంది. మంచిదైనా సరే, లాగేటప్పుడు బరువు కదలని దవడ మీద పడేలా తగిలించు.

రాట్చెట్‌లో, అంటే సాకెట్‌ని తీయకుండానే టిక్కు టిక్కుమంటూ తిప్పే పిడిలో, పళ్ల లెక్క చూడు. 36 పళ్లదైతే ఒక్కో టిక్కుకి 10 డిగ్రీలు, 72 దైతే 5. ఇంజిన్ పక్కన చెయ్యి తిరగని చోట ఆ 5 డిగ్రీలే దిక్కు. కానీ మొండి బోల్టుని రాట్చెట్‌తో వదిలించొద్దు, పళ్లు పోతాయి. దానికి పొడుగు బ్రేకర్ బార్ ఉంటుంది, అందులో పళ్లూ స్ప్రింగులూ ఏమీ లేవు కాబట్టి చవకది కూడా పర్వాలేదు.

ఖరీదైనవన్నీ మనకు మంచివే అనుకోకు. పొడుగు స్పానర్లని గొప్పగా అమ్ముతారు. 6 మి.మీ. బోల్టుకి దాదాపు 10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే పావు మీటరు పొడుగున్న పిడిని నాలుగు కిలోల బరువంత లాగితే సరిపోయింది. ఇంకొంచెం మొండిగా లాగావా, బోల్టు తల పుటుక్కుమంటుంది. ఆ బోల్టుకి పట్టే 10 సైజు స్పానర్‌ని పొట్టిగా చేసేది ఊరికే కాదు. స్నాప్-ఆన్ లాంటి ఖరీదైన కంపెనీలవి పొద్దస్తమానం అదే పనిలో ఉండే మెకానిక్‌కి గిట్టుబాటవుతాయి, ఆదివారం ఒకసారి చైన్ బిగించుకునే మనకి మధ్యరకం చాలు.

మిగిలిన డబ్బుతో టార్క్ రెంచ్ కొను, నువ్వు పెట్టిన బలానికి బిగియగానే చెప్పేది. ప్లస్సో మైనస్సో 4 శాతం లోపు తేడా అని చెప్పే మామూలు క్లిక్ రకం చాలు, కాకపోతే స్కేలు అట్టడుగున ఉన్న అంకెల్ని నమ్మకు, పనయ్యాక కనిష్ఠ అంకెకి తిప్పి పెట్టు. బోల్టులు వదిలించడానికి దాన్ని వాడావని తెలిస్తే ఊరుకోను.

నీ వెనక చక్రం యాక్సిల్ నట్టు కొలిచి చెప్పు. నా దగ్గర 24 లు రెండున్నాయి, ఒకటి పంపుతాను. 10 మాత్రం అడగకు, ఉన్న మూడూ ఎక్కడున్నాయో నాకే తెలీదు.

మీ బాబాయ్